అమ్మ బొమ్మకు వేసిన రంగు

నాకు ఒళ్లు మండే ప్రశ్న ఒకటుంది. ‘ఇంత చిన్న బొమ్మకు ఇన్నేసి రోజులు రంగు వేస్తారా, మీకు వేరే పనేమీ ఉండదా’ అని. పెనుకొండలో నేను పనిచేసే ఆఫీసులో ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. అన్నం తినేటప్పుడు అడుగుతారు, బస్సు కోసం నిలబడ్డప్పుడు అడుగుతారు. పెళ్లీ పిల్లలూ లేని ఆడమనిషికి ఖాళీ దండిగా ఉంటుందని వాళ్ల నమ్మకం. వాళ్లు ఆదివారమంతా మంచంమీద పడుకొని ఫోన్లో అడ్డమైన వీడియోలు చూస్తే అది విశ్రాంతి. నేను కిటికీ దగ్గర కూర్చొని వేలెడంత బొమ్మకు రంగు వేస్తే అది పిచ్చి. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు ‘అవును, పనిలేకనే’ అని టిఫిన్ డబ్బా మూత పెట్టేసి లేచిపోతాను.

హిందూపురంలో మేడమీద ఒక గది, వంటిల్లు నావి. కిటికీ కింద ఒక బల్ల. నేను రంగులు వేసేవి ప్లాస్టిక్ లాంటి రెసిన్‌తో చేసిన చిన్న బొమ్మలకు. సిపాయిలు, గుర్రాలు, సంతలో కూరగాయలు పెట్టుకొని కూర్చున్న ముసలమ్మలు. బెంగళూరు నుంచి తెప్పించుకుంటాను, వేస్తాను, అల్మారాలో పెట్టుకుంటాను. ఎవరికీ చూపించాలని ఉండదు. చూపిస్తే పట్టుకోవడానికి చేతులు చాపుతారు. ఆ చేతులకు నూనె ఉంటుంది.

ఈ పనిలో ఉన్నదంతా ఒక్కటే. ఒక రంగు ఎక్కడ ఆగిందో, ఇంకో రంగు ఎక్కడ మొదలైందో కంటికి తెలియకూడదు. దానికి అడ్డదారి లేదు. రంగును నీళ్లమజ్జిగంత పలచన చేసుకోవాలి. కుంచె ముంచి, టిష్యూ కాగితం మీద ఒత్తి, తడి మాత్రమే మిగిలాక ఒక పూత వేయాలి. వేసినట్టు కూడా కనపడదు. అది పూర్తిగా ఆరాక రెండో పూత, మొదటిదానికంటే కొంచెం తక్కువ మేర. మూడోది ఇంకా తక్కువ మేర. కుంచెను ఎప్పుడూ వెలుగు పడే వైపుకే లాగాలి, ఎందుకంటే కుంచె పైకి ఎత్తిన చోటే రంగు చిక్కగా దిగుతుంది. తొందరపడి ఆరకముందే ఇంకో పూత వేశామా, కింది పూత లేచి వస్తుంది, చుట్టూ మరక కడుతుంది. అప్పుడు మళ్లీ మొదటికి రావాలి. మా సీమ ఎండలకు ఇంకో ఇబ్బంది, రంగు కుంచె కొసనే ఎండిపోతుంది. అందుకని స్టీలు డబ్బా మూతలో తడి స్పాంజి పరిచి, దానిమీద బటర్ పేపరు వేసి, ఆ పేపరు మీద రంగులు కలుపుకుంటాను. వేసవిలో మందుల షాపు గ్లిజరిన్ ఒక చుక్క పడనిదే రంగు మాట వినదు.

ఈ పనిని మా అన్న ఏనాడూ పని అనలేదు. ఆయనకు ధర్మవరంలో పట్టుచీరల షాపు ఉంది. అవసరం ఉంటే తప్ప నాకు ఫోన్ చేయడు. అమ్మ పోయిన కొన్ని నెలలకు ఒకరోజు చేశాడు. గొంతు మెత్తగా ఉంది. మెత్తగా ఉంటేనే నాకు భయం. షాపులోకి రాగానే కనపడేట్టు గాజుపెట్టెలో అమ్మ బొమ్మ పెట్టాలట. అమ్మ రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతున్నట్టు ఉండాలట. మగ్గంలో అడ్డంగా పోయే దారాన్ని చిన్న పుల్లలకు చుడతారు, వాటినే కండెలంటారు. అమ్మ ఆ కండెలు చుట్టి మా ఇద్దరినీ చదివించింది. అన్న ఈ సంగతి షాపుకు వచ్చిన ప్రతి కస్టమరుకూ చెబుతాడు. అమ్మ బతికున్నప్పుడు ఆ రాట్నాన్ని అటకమీద పడేసింది కూడా ఆయనే. ఈ రెండో సంగతి ఎవరికీ చెప్పడు.

అయినా సరేనన్నాను. ఆయన కోసం కాదు. అమ్మ ముఖం వేయాలని నాకే ఉండింది. ఇన్నేళ్లుగా ముక్కూ మొహం తెలియని సిపాయిలకు చర్మం రంగు వేస్తూ వచ్చాను, ఆ చేతితో ఒక్కసారి మా అమ్మను వేయాలి. ఫోటోలు పంపిస్తే కంప్యూటర్లో మలిచి, రెసిన్‌లో తీసి ఇచ్చేవాళ్లు బెంగళూరులో ఉన్నారు. వాళ్ల దగ్గర చేయించాను. బూడిదరంగులో వచ్చింది బొమ్మ, నా మధ్యవేలంత. ఒక మోకాలు పైకెత్తి కూర్చోవడం, ఎడమ భుజం కొంచెం దించడం, పెదవి బిగించడం అన్నీ సరిగ్గా దిగాయి. ఉప్పుకాగితంతో గరుకులు తీసి, సబ్బునీళ్లతో కడిగి, రంగు పట్టడానికి అడుగుపూతగా ముందు నల్ల ప్రైమరు, ఆ తర్వాత పై నుంచి మాత్రమే తెల్ల ప్రైమరు కొట్టాను. అట్లా కొడితే వెలుగు ఎక్కడ పడాలో, నీడ ఎక్కడ ఉండాలో బొమ్మే చెబుతుంది. ఇక మిగిలింది రంగు.

అమ్మ రంగు ఏది? అమ్మ ఫోటోల్లో నమ్మదగ్గది ఒక్కటీ లేదు. పెళ్లినాటి ఫోటోలో పౌడరు. రేషన్ కార్డు ఫోటోలో మసి. ఇటీవలివన్నీ మా వదిన ఫోన్లో తీసినవి, ఆ ఫోను మనిషి కనపడగానే తనంతట తానే సున్నం కొడుతుంది. పోయాక గోడకు పెట్టడానికి ధర్మవరంలో స్టూడియోవాడు పెద్దది చేసిన ఫోటో మరీ ఘోరం. అందులో అమ్మ పాలల్లో ముంచి తీసినట్టు ఉంటుంది. ఎన్నడూ కట్టని చీర కట్టి ఉంటుంది. ఆ ఫోటో చూసి మా అన్న ఏడ్చాడు. ఎవరిని చూసి ఏడుస్తున్నావని అడగాలనిపించింది కానీ ఇంటినిండా జనం ఉన్నారు.

ఫోటోలన్నీ పక్కన పెట్టేశాను. అమ్మ రంగు నాకు తెలుసు. అది నా రంగే. అందులో నాకు అనుమానమే లేదు. ఎడమ ముంజేయి బల్లమీద పెట్టుకొని, దాన్ని చూస్తూ కలిపాను. నల్లని చర్మం వేయడం చాలామందికి చేతకాదు. గోధుమరంగు వేసి, వెలుగు కోసం అందులో తెలుపు కలుపుతారు. అప్పుడు మనిషి ఒళ్లంతా బూడిద పూసుకున్నట్టు తయారవుతుంది. తెలుపు దగ్గరికి రానివ్వకూడదు. నీడలో ముదురు ఎరుపు, కొంచెం నీలం. వెలుగులో పసుపు మన్ను రంగు, దానికి రవ్వంత నారింజ. చెంప ఎముక మీద, ముక్కు కొస మీద, కింది పెదవి మీద మాత్రం ఇంకాస్త. ఎన్ని ఆదివారాలు కూర్చున్నానో లెక్క పెట్టలేదు. చివరికి మొత్తం ముఖం మీద పలచని ముదురు ఎరుపు ఒక పూత తిప్పితే అంచులన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగాయి. ముఖం నిగనిగలాడింది. నేను వేసిన ముఖాలన్నింటిలో అదే మంచిది. ఎవరైనా కాదంటే కొట్టేదాన్ని.

సంవత్సరీకానికి రెండురోజుల ముందే బొమ్మను తీసుకొని ధర్మవరం వెళ్లాను. అన్న షాపులోనే ఉన్నాడు. ఆ షాపు వాకిట్లో చీరలు కట్టిన నిలువెత్తు ప్లాస్టిక్ బొమ్మలు ఆరో ఏడో ఉంటాయి. అన్నీ తెల్లగా, సన్నటి ముక్కులతో ఉంటాయి. ఏ ఊరి ఆడవాళ్లో ఆ దేవుడికే తెలియాలి. వాటి మధ్య నిలబడి అన్న పెట్టె విప్పాడు. చూశాడు. వెలుగులోకి తిప్పి చూశాడు. వదినను పిలిచి చూపించాడు. ఆమె ‘అయ్యో’ అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఏంమే ఇది, అమ్మను ఇంత నల్లగా చేసినావు?” అన్నాడు.

“అమ్మ నల్లగానే ఉన్నింది.”

“ఉన్నింటే మాత్రం? ఇది షాపులో పెట్టే బొమ్మ కదమే. నలుగురూ చూస్తారు. ఇంట్లో గోడమీద ఫోటో ఉండాది కదా, ఆ మాదిరి చేసుకోనిరా.”

దాంతో మొదలైంది. నేను అనాల్సినవీ అనకూడనివీ అన్నాను. ఒక్క ఎరుపులోనే టమాటా ఎరుపు, మిరపపండు ఎరుపు, వక్కపొడి ఎరుపు అని కస్టమర్ల ముందు వేలుపెట్టి చూపించే మనిషివి, నిలువుదారం ఒక రంగు అడ్డదారం ఒక రంగు పెట్టి నేసిన చీరను మెరుపు చూసి చెప్పే మనిషివి, కన్నతల్లి రంగు కనపడలేదా నీకు అన్నాను. స్టూడియోవాడు సున్నం కొట్టిన ఫోటోను అమ్మ అనుకుంటున్నావు అన్నాను. అన్న కూడా తగ్గలేదు. నేను ఏ పని చేసినా పదిమందిని నొప్పించడానికే చేస్తానన్నాడు. అందుకే ఏ ఇంట్లోనూ ఇమడలేదన్నాడు. ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు అంటాడని తెలుసు. వదిన మధ్యలో చేరి, నాలుగు మెత్తటి మాటలు చెప్పి, కొంచెం తెలుపు చేస్తే పోతుంది కదమ్మా అంది. ఒక్క పూత కూడా మార్చనని చెప్పాను. మారిస్తేనే షాపులో పెడతానన్నాడు అన్న. చివరికి సంవత్సరీకం రోజు ఇంట్లో గోడఫోటో పక్కన పెట్టేట్టు, ఆ తర్వాత నా బొమ్మను నేను తీసుకుపోయేట్టు ఒప్పందమైంది.

అమ్మ రంగు అమ్మకు ఉండాలి. నాకు కావలసింది అంతే. ఫోటోల్లో లేదు, ఫ్లెక్సీల్లో లేదు, ఇక ఈ బొమ్మ ఒక్కటే మిగిలింది. ఇది కూడా పోతే రేపు మా అన్న మనవళ్లకు వాళ్ల ముత్తవ్వ తెల్లటి మనిషే అవుతుంది. దానికి నేను ఒప్పుకోను.

సంవత్సరీకం రోజు ఉదయం నుంచే చుట్టాలు వచ్చారు. గోడఫోటో దించి పీటమీద పెట్టారు, పూలదండ వేశారు. పక్కనే చిన్న చెక్కముక్క మీద నా బొమ్మ. ఆ వారమంతా వానలు. తేమలో వార్నిష్ కొడితే తెల్లగా పాలిపోతుందని భయపడి, బొమ్మకు పైపూత కొట్టకుండానే తెచ్చాను. ఎవరూ ముట్టుకోవద్దని వదినకు చెప్పాను, అన్నకు చెప్పాను. చెప్పి వంటింట్లోకి పోయాను. ఆకులు వేయడానికి మనిషి తక్కువైందంటే నేనే వడ్డించాను. పోయినవాళ్ల ఫోటోకు వచ్చినవాళ్లంతా గంధం, కుంకుమ పెట్టి దండం పెట్టుకోవడం మా ఇళ్లల్లో మామూలు. ఫోటోకు అద్దం ఉంటుంది, పెట్టిన బొట్టు మర్నాడు గుడ్డతో తుడిస్తే పోతుంది. నా బొమ్మకు అద్దం లేదు. దాని నుదురు బియ్యపుగింజంత. చూపుడువేలితో బొట్టు పెడితే కళ్లు, ముక్కు, నోరు అన్నీ ఆ బొట్టు కిందికే పోతాయి. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఒకరు పెట్టారని ఇంకొకరు. పెట్టకుండా పోతే అమ్మకు మర్యాద తక్కువ చేసినట్టవుతుందని వరుసగా అందరూ.

వంటింట్లోంచి బయటికొచ్చేసరికి మా అమ్మకు ముఖం లేదు. మెడమీద తడి గంధం, ఎర్ర కుంకుమ కలిసిన ముద్ద ఉంది. నేను చూసి ఒక్క క్షణం కదల్లేకపోయాను. ఆ క్షణంలోనే మా వదిన, నా ముఖం చూసి భయపడిందో ఏమో, కొంగు తడిపి బొమ్మను ఎడమచేత్తో పట్టుకొని కుడిచేత్తో రుద్దింది. గిన్నె తోమినట్టు రుద్దింది. నేను లాక్కునేలోపే చెంపలమీద, ముక్కుమీద, గడ్డంమీద, ఎత్తుగా ఉన్న ప్రతిచోటా రంగు లేచిపోయి కింది తెల్ల ప్రైమరు తేలింది. కంటిగుంటల్లో, పెదవి కింద మాత్రం కుంకుమ ఇంకిపోయి రక్తం గడ్డకట్టినట్టు మిగిలింది. అన్ని ఆదివారాల పని, ఒక్క కొంగు తుడుపుతో.

నేను అరవలేదు. అరిస్తే ఏడుపు వస్తుందని అరవలేదు. భక్తితో చేసినవాళ్లను ఏమనడానికీ లేదు, అదే నాకు ఇంకా కోపం. పగబట్టి చేసి ఉంటే నేనూ పగబట్టి ఉండేదాన్ని. అన్న వచ్చి చూసి, నా భుజంమీద చెయ్యి వేసి, ఎట్లాగూ మళ్లీ వేయాల్సిందే కదా, ఈసారి తెల్లగా వేసెయ్ అన్నాడు. ఆ గొంతులో ఎక్కడో చిన్న సంతోషం వినిపించింది. ఆ చేతిని తోసేశాను. చుట్టాలు చూశారు. చూడనీ.

అప్పటిదాకా ఒక మూల కుర్చీలో కూర్చున్న మా చిన్నమ్మ నన్ను రమ్మని సైగ చేసింది. అమ్మకు ఒక్కతే చెల్లెలు. పెళ్లికి ముందు ఇద్దరూ ఒకే గదిలో పక్కపక్కన కూర్చొని కండెలు చుట్టినవాళ్లు. మా బంధువుల్లో నాకు అంతో ఇంతో గిట్టేది ఆమె ఒక్కతే. నాలాగే నలుపు, నాలాగే నోరు గలది. నా తరఫున మాట్లాడుతుందనుకున్నాను. అన్న వినాలని, అందరూ వినాలని గట్టిగా అడిగాను, అమ్మ ఏ రంగు ఉండేదో నువ్వే చెప్పు చిన్నమ్మా అని.

ఆమె బొమ్మను తీసుకొని ముఖం వైపు చూడలేదు. రంగు చెడని చేతుల వైపు చూసింది. నా ముంజేయి పట్టుకొని బొమ్మ పక్కన పెట్టింది.

“మీ అన్న చెప్పేంత తెలుపూ కాదు, నువ్వు ఏసినంత నలుపూ కాదుమే మా అక్క. ఇది నీ రంగు.”

నేను కాదన్నాను. ఆమె విసుక్కోలేదు. తాను ఎట్లాగూ నల్లదాన్నేనని, అక్కను తెల్లగా చెప్పి తనకు వచ్చేదేముందని అంది. వేయించిన శెనిక్కాయ పైపొట్టు రంగు మా అక్కది, పోయి చూసుకో అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, నీది మీ నాయన రంగు, ఆ సంగతి మీ అమ్మే నీకు ఎన్నిసార్లు చెప్పిందో నీకు జ్ఞాపకం లేదా అని అడిగింది.

సాయంత్రం ప్యాసింజరు రైలెక్కాను. బొమ్మ పెట్టె ఒళ్లో ఉంది. చిన్నమ్మ మీద కూడా కోపమే. పెనుకొండ దాకా ఆమెను మనసులో తిడుతూనే వచ్చాను. ముసలితనం, కళ్లు సరిగా కనపడవు, ఏదో అనేసింది అనుకున్నాను. పెనుకొండలో శెనిక్కాయలు అమ్మేవాడు ఎక్కాడు. కొనకూడదనుకొని కొన్నాను. ఒక కాయ ఒలిచి, పొట్టును నా చేతిపక్కన పెట్టి చూసుకున్నాను. చూసినాక ఇక బుకాయించడానికి లేకపోయింది. ఆ పొట్టు రంగు నాకు బాగా తెలిసిన రంగు. చిన్నప్పుడు నా ఒంటిమీద తిరిగిన చేతుల రంగు అది.

ప్రతి ఆదివారం తలంటు. శనగపిండి, పసుపు, మీగడ కలిపి అమ్మ నన్ను దొడ్లో రాతిబండ మీద కూర్చోబెట్టి రుద్దేది. మెడ వెనక రుద్దేది, మోచేతులు రుద్దేది, చెవుల వెనక రుద్దేది. పిండి ఎండి పొలుసులు రాలేదాకా రుద్దేది. మంట పుట్టి ఏడిస్తే, “ఉండు, ఇంకా పోలేదు” అనేది. ఏది పోలేదో నాకు అర్థమయ్యేది. అన్నకు మాత్రం రెండు చెంబులు పోసి పంపేది. ఆయన తెల్లగా పుట్టాడు. ఇంటికి ఎవరైనా వస్తే, వాళ్లు అడగకముందే, ‘ఇది వాళ్ల నాయన పోలిక’ అని చెప్పేది. తన తప్పేమీ లేదని చెప్పినట్టు చెప్పేది. ఇవన్నీ నేను మరిచిపోలేదు. ఎక్కడో లోపల పెట్టి మీద పూతలు వేసుకుంటూ వచ్చాను. నాదీ అమ్మదీ ఒకటే రంగని అనుకుంటే, ఆ రుద్దుడంతా ఆమె తనను తాను రుద్దుకున్నట్టు ఉంటుంది. అప్పుడు క్షమించడం తేలిక. రంగు తేడా ఉందంటే మాత్రం అది వేరే సంగతి. అప్పుడు ఆమె నన్ను చూసి సిగ్గుపడినట్టు.

నా మంచికే చేసిందని అందరూ అంటారు. అందరి తల్లులూ చేసేదేనని అంటారు. అననీ. రుద్దించుకున్నది వాళ్లు కాదు.

తర్వాతి ఆదివారం బొమ్మను బల్లమీద పెట్టుకొని కూర్చున్నాను. కుంకుమ ఎరుపు మీద పలచని పూతలు ఎన్ని వేసినా లోపలినుంచి తేలుతూనే ఉంటుంది. అందుకని దూదిపుల్లకు స్పిరిట్ అద్ది ముఖం మొత్తం ప్రైమరు దాకా తీసేశాను. ఇప్పుడు నా ముందు మూడు దారులున్నాయి. అన్న అడిగిన తెలుపు. నేను వేసిన నలుపు. చిన్నమ్మ చెప్పిన పొట్టు రంగు. తెలుపు వేయను, అది ఎట్లాగూ అబద్ధం. నా నలుపే మళ్లీ వేసి, ఇదే మా అమ్మ అని మొండికేస్తే అడిగేవాళ్లు లేరు. వేద్దామనే రంగు కూడా కలిపాను. చెయ్యి పోలేదు. స్టూడియోవాడు చేసిన పనే నేనూ చేస్తున్నానని తెలిశాక ఎట్లా పోతుంది? వాడు మా అన్నకు కావలసిన అమ్మను చేసిచ్చాడు. నేను నాకు కావలసిన అమ్మను చేసుకున్నాను.

శెనిక్కాయ పొట్టును బటర్ పేపరు పక్కన పెట్టుకొని రంగు కలిపాను. నీడలో ముదురు ఎరుపు తగ్గించాను, నీలం తీసేశాను. పసుపు మన్ను రంగు పెంచాను. పూత మీద పూత, ఆరనిచ్చి, మళ్లీ పూత. కుంచె వెలుగు వైపుకు. కోపంతో వేస్తే కుంచె వణుకుతుందంటారు. నాకు వణకలేదు. అంత నిమ్మళంగా నా చెయ్యి ఎన్నడూ ఆడలేదు. చెంపమీద, ముక్కుమీద వెలుగు ఎక్కింది, అంచులు కరిగాయి. చివర కళ్లు వేశాను. వేసి, బొమ్మను దూరంగా పట్టుకొని చూశాను.

అమ్మ. అచ్చం అమ్మ. మొదటి ముఖంలో ఉన్న మెత్తదనం ఇందులో లేదు. పెదవి బిగించి, నా వైపు చూసి, ఇంకా పోలేదని చెప్పబోతున్న మనిషి. నాకు ఏడుపొచ్చింది. ప్రేమతో కాదు. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఆమె చేతికి చిక్కినట్టనిపించి వచ్చింది.

ఇక చేతులు మిగిలాయి. ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగు ఉంటే ఈ పనిలో అంతకంటే పెద్ద తప్పు లేదు. పౌడరు కొట్టిన ముఖంలాగా బయటపడిపోతుంది. రంగు పేపరు మీద ఇంకా తడిగానే ఉంది, రెండు పూటలు కూర్చుంటే అయిపోతుంది. కుంచె ముంచాను, టిష్యూ మీద ఒత్తాను, కుడిచేతి దాకా తీసుకుపోయాను. ఒక చేతిలో దారం, ఇంకో చేతిలో రాట్నం పిడి. ఆ చేతులే కదా నన్ను రుద్దినవి. నా ఒంటిమీది రంగును వదిలించాలని చూసిన చేతులు. వదిలించలేకపోయాయి. ఆ రంగు వాటికే అంటుకొని ఉండనీ అనుకున్నాను. కుంచె కడిగేశాను.

ఈసారి వార్నిష్ కొట్టి, బాగా ఆరాకనే ధర్మవరం తీసుకుపోయాను. అన్న పెట్టె విప్పి చూసి, వెలుగులోకి తీసుకుపోయాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఇప్పుడు అమ్మ మాదిరి ఉండాది, నీకు ఇంత పని తెలుసని ఎన్నడూ అనుకోలేదని అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నాకు ఇష్టమనిపించలేదు. బొమ్మ ఆయన అడిగినంత తెల్లగా లేదని కూడా ఆయనకు తట్టలేదు. చేతులు ఆయనా చూడలేదు, వదినా చూడలేదు. ముఖం సరిపోతే చాలు మనవాళ్లకు. గాజుపెట్టెలో పెట్టి, పైన చిన్న లైటు వేశారు.

సాయంత్రం చిన్నమ్మ బొమ్మను చూడ్డానికి షాపుకొచ్చింది. వదిన కాఫీకి పోయింది, అన్న ఎవరో పెళ్లివాళ్లకు చీరలు పరిచి చూపిస్తున్నాడు. చిన్నమ్మ గాజుపెట్టె తలుపు తీయించుకొని, కళ్లజోడు సర్దుకొని, వంగి చూసింది. ముఖం చూసి అక్కా అంది, మెల్లగా. కిందికి చేతుల దాకా చూసి, తలెత్తి నా వైపు తిరిగింది.

“చేతులకు ఏసేది మర్చిపోయినావు కదమే.”

“మర్చిపోలేదు చిన్నమ్మా.”

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆమెకూ ఎవరో ఒకరు చిన్నప్పుడు శనగపిండి రుద్దే ఉంటారు. గాజుపెట్టె తలుపు తానే మూసి, పద పోదాం అని నా చెయ్యి పట్టుకుంది.